వికలాంగుల పింఛను కాదన్నారా? ముందు కాదన్నదెవరో తేల్చుకోండి

పింఛను దరఖాస్తు తిరస్కరించారనో, వస్తున్న పింఛను ఆపేశారనో తెలియగానే చాలామంది చేసే మొదటి పని సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లి అర్జీ ఇవ్వడం. అందులో పూట గడవని సంగతి, పిల్లల చదువులు, అప్పులు అన్నీ ఉంటాయి. ఎందుకు కాదన్నారో మాత్రం ఉండదు. ఆ అర్జీ అంచెలంచెలుగా కిందికి దిగి, చివరికి మొదట కాదన్న టేబుల్ మీదికే చేరుతుంది. "నిబంధనల ప్రకారం అనర్హులు" అని ఒక్క ముక్క రాసి మూసేస్తారు.

కాదనడం రెండు రకాలు. ఆసుపత్రిలో డాక్టర్లు వైకల్యం 40 శాతం కంటే తక్కువని రాయడం ఒకటి. శాతం సరిపోయినా ఆదాయం, భూమి, కరెంటు బిల్లు, కారు లాంటి లెక్కల్లో పేరు పడిపోవడం రెండోది. మొదటిదాన్ని మళ్లీ మెడికల్ బోర్డే తేల్చాలి. రెండోదాన్ని మండలంలో ఎంపీడీవో, పట్టణంలో మున్సిపల్ కమిషనర్ తేల్చాలి. డాక్టరు వేసిన శాతాన్ని ఎంపీడీవో మార్చలేరు, మీ పేరు మీద పడ్డ కారుని డాక్టరు తీసేయలేరు.

మూడో రకం కూడా ఉంది కానీ దానికి అప్పీలు దండగ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, క్యాన్సర్ ఆ జాబితాలో లేవు. జబ్బు ఎంత పెద్దదైనా దాని పేరు మీద వైకల్య శాతం రాదు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ వేరే పింఛను ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో అది నెలకు 10,000. వాళ్లు ఆ దరఖాస్తే పెట్టుకోవాలి.

కారణం కాగితం మీద ఉండాలి

"సిస్టమ్‌లో రిజెక్ట్ అయింది" అని గ్రామ సచివాలయంలో నోటిమాటగా చెబితే అది కారణం కాదు. సర్టిఫికెట్ ఇవ్వడానికి వీల్లేదని తేలిస్తే కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని 2017 కేంద్ర నిబంధనలే అంటున్నాయి. ముందు ఎండార్స్‌మెంట్, అంటే కాదన్న కారణం రాసిచ్చే కాగితం అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే దాని జిరాక్స్ జత చేస్తే ఫీజు అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

దరఖాస్తులో "నా పింఛను ఎందుకు ఆపారు?" అని ప్రశ్న వేయకండి. అధికారి దగ్గర ఉన్న కాగితాలు అడగండి. ఆసుపత్రి నుంచైతే పరీక్ష రోజున డాక్టరు నింపిన అసెస్‌మెంట్ షీటు నకలు, అందులో అవయవాల వారీగా వేసిన మార్కులు, పరీక్షించిన డాక్టర్లు ఏ విభాగం వాళ్లన్న వివరం. ఎంపీడీవో ఆఫీసు నుంచైతే మీ ఆధార్ మీద జరిగిన అర్హత పరిశీలన రిపోర్టు, తిరస్కరణ ఉత్తర్వు నకలు. ఇవి మీ సొంత వివరాలే కాబట్టి, వ్యక్తిగత సమాచారం అన్న సాకు చెల్లదు.

జవాబు వచ్చేదాకా అప్పీలు ఆపుకోవద్దు. నోటీసులో ఎంత గడువుంటే అంతలోపు పడాల్సిందే. గడువు రాయకపోయినా నోటీసు చేతికందిన 30 రోజుల్లోపు పెట్టేయడం మేలు. "అసెస్‌మెంట్ షీటు అందాక అదనపు వివరాలు సమర్పించుకుంటాను" అని చివర ఒక వాక్యం చేర్చితే చాలు.

శాతం ఎలా వస్తుందో తెలిస్తేనే వాదించగలరు

డాక్టరు కంటితో చూసి శాతం వేయరు. కేంద్రం 2018 జనవరి 4న నోటిఫై చేసి, 2024 మార్చిలో సవరించిన మార్గదర్శకాల్లో ఒక్కో వైకల్యానికీ ఒక్కో కొలత ఉంది. పదిహేనేళ్ల కిందటి పాత సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌లో 60 ఉండి ఇప్పుడు 35 వచ్చిందంటే రెండిట్లో ఒకటి తప్పని అనుకోనక్కర్లేదు, కొలత మారి ఉండొచ్చు. అందుకే "అప్పుడు 60 ఇచ్చారు కదా" అన్న వాదన ఒక్కటే నిలబడదు. ఇప్పటి కొలత ప్రకారమే తప్పెక్కడ జరిగిందో చూపించాలి.

కాళ్లు, చేతుల విషయంలో జబ్బు పేరుకి మార్కులుండవు. కీలు ఎంత వంగుతోంది, కండరంలో బలం ఎంత, నడక ఎలా ఉంది అన్నవే లెక్క. కీలు వంపుని గోనియోమీటర్ అనే కోణమానినితో కొలుస్తారు, కండర బలానికి 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు. షీటులో ఈ అంకెలు ఖాళీగా ఉండి చివర్న శాతం మాత్రమే ఉంటే అప్పీలుకి అదే బలమైన ఆధారం. అవయవం తీసేసిన కేసుల్లో పట్టిక ఉంది. షుగరు వల్ల కాలి బొటనవేలు తీసేస్తే 10 శాతం, ఒక పాదం వేళ్లన్నీ పోతే 20, పాదం ముందు భాగం పోతే 30, మధ్య పాదం దాకా పోతే 40. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో ఎక్కడిదాకా తీశారో స్పష్టంగా లేకపోతే ఆ 30కీ 40కీ మధ్య మీరు ఇరుక్కుంటారు. అలాంటప్పుడు పాదం ఎక్స్‌రే తీయించి జత చేయాలి.

చూపు కొలిచేది కళ్లద్దాలు పెట్టాకే. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే వస్తుంది, పింఛనుకు చాలదు. దీనిమీద ఎన్ని అప్పీళ్లు పెట్టినా ఫలితం మారదు. రెండో కంటి చూపు కూడా అద్దాలతో 6/24 కంటే మెరుగుపడకపోతే లెక్క మారుతుంది. చార్టు అక్షరాలు చదవగలిగినా పక్కచూపు కుంచించుకుపోయిన రేచీకటి, నీటికాసుల రోగులకు ఫీల్డ్ టెస్టు (పక్కచూపు పరీక్ష) చేయకుండా శాతం వేస్తే అది అసంపూర్తి పరీక్ష.

వినికిడికి రెండు చెవులూ కలిపి సూత్రం ఉంది. బాగా వినపడే చెవి శాతాన్ని 5తో గుణించి, రెండో చెవి శాతం కలిపి, మొత్తాన్ని 6తో భాగించాలి. బాగున్న చెవిలో లోపం 40, రెండో చెవిలో 70 ఉంటే 200కి 70 కలిపి 6తో భాగిస్తే 45. అదే ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగుంటే 100ని 6తో భాగించినట్టు, 17 కూడా రాదు. తెలంగాణలో ఆసరా పింఛను మార్గదర్శకాలు మామూలుగా 40 శాతం అడిగినా, వినికిడి లోపానికి మాత్రం 51 అడిగాయి. పై 45 శాతం మనిషికి సర్టిఫికెట్ వచ్చినా ఆ లెక్కన పింఛను అందదు.

మానసిక రుగ్మతకి ఐడియాస్ అనే కొలమానం వాడతారు. సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయడం, ఈ నాలుగింటికీ 0 నుంచి 4 దాకా మార్కులు వేసి, జబ్బు ఎంతకాలంగా ఉందో దానికి ఇంకో 4 దాకా కలుపుతారు. మొత్తం 7కి చేరితేనే 40 శాతం గడప ఎక్కినట్టు. ఓపీ చీటీలు పారేసిన కుటుంబాలు ఆ కాలం మార్కుల దగ్గరే దెబ్బతింటాయి. చీటీలన్నీ తేదీల వారీగా కుట్టి పెట్టుకోండి. లేకపోతే చికిత్స చేసిన ఆసుపత్రి నుంచి ఎప్పట్నుంచి చూపిస్తున్నారో రాయించుకోండి.

అందరూ పొరబడే లెక్క ఇంకోటుంది. ఒకే మనిషికి రెండు లోపాలుంటే వాటిని నేరుగా కూడరు. ఎక్కువ ఉన్న శాతం అలాగే ఉంచి, 90లోంచి దాన్ని తీసేసి, మిగిలినదాన్ని తక్కువ శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చింది కలుపుతారు. కాలు 30, వినికిడి 20 ఉన్న మనిషికి 90లోంచి 30 పోతే 60, దాన్ని 20తో గుణించి 90తో భాగిస్తే 13.3, మొత్తం 43.3. అర్హుడే. కాలు 25, వినికిడి 20 ఉన్నాయనుకోండి, కూడితే 45 అనిపిస్తుంది కానీ ఈ లెక్కలో 39.4 దగ్గర ఆగిపోతుంది. అర శాతంలో పోయిన ఇలాంటి కేసుల్లో ఒక్క కీలు కొలత సరిచూసినా ఫలితం తిరగబడొచ్చు.

ఈ లెక్క అసలు వేయకుండానే చాలామంది పోతుంటారు. ఆసుపత్రి పరీక్షకి స్లాట్ బుక్ చేసేటప్పుడు సచివాలయం డిజిటల్ అసిస్టెంటో, మీసేవ ఆపరేటరో వైకల్యం రకం దగ్గర కదలిక లోపం ఒక్కటే నొక్కుతారు. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఒక్కరే చూస్తారు, చెవుల సంగతి ఎవరూ అడగరు. బహుళ వైకల్యం అని ఎంచుకుంటేనే రెండు విభాగాల వాళ్లూ చూసి శాతాలు కలుపుతారు. మీ కేసు ఇదైతే అప్పీలులో ఆ మాటే సూటిగా రాయండి.

అప్పీలు కాగితం

సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టం 59వ సెక్షన్‌లో ఉంది. ఎవరికి చేసుకోవాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. నోటీసులో అప్పీలు అధికారి పేరుంటే వారికే రాయండి. లేకపోతే అప్పీలేట్ మెడికల్ బోర్డు పేరున, పరీక్షించిన ఆసుపత్రి సూపరింటెండెంట్ ద్వారా పంపి, ఒక నకలు తెలంగాణలో జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఏ)కి, ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా ఆసుపత్రుల సమన్వయ అధికారికి ఇవ్వండి. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పునఃపరిశీలన తర్వాత నోటీసులు వెళ్లినప్పుడు ఎంపీడీవోలు, మున్సిపల్ కమిషనర్ల దగ్గరే అప్పీళ్లు తీసుకుని, మళ్లీ పరీక్షకి ఆసుపత్రికి పంపారు. అక్కడ నోటీసు, పాత సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, ఆధార్ కలిపి ఇవ్వాల్సి వచ్చింది. ఎక్కడ అప్పీలు పెట్టినా ఈ నాలుగూ సిద్ధంగా ఉండాలి.

కాగితం ఒక పేజీ దాటకూడదు. ఈ నమూనా చూడండి:

"విషయం: తేదీ ఫలానా నాటి పరీక్షలో నాకు 32 శాతం వైకల్యం నిర్ధారించడంపై 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు. నా సర్టిఫికెట్ నంబరు ఫలానా. నోటీసు నాకు ఫలానా తేదీన అందింది. 1. నాకు ఎడమ కాలు పోలియోతో పాటు రెండు చెవుల్లో వినికిడి లోపం ఉంది. ఆడియోగ్రామ్ జత చేశాను. పరీక్షలో కాలు మాత్రమే చూశారు. 2. ఎడమ మోకాలు, మడమ కండర బలం గ్రేడు నమోదు చేయలేదు. 3. కాబట్టి ఈసారి మునుపు చూడని డాక్టర్ల బృందంతో, ఎముకలు, చెవి విభాగాలు రెండిటిలోనూ పరీక్ష చేయించి, శాతాలను మార్గదర్శకాల సూత్రం ప్రకారం కలపవలసిందిగా కోరుతున్నాను. 4. అప్పీలు తేలేవరకు పింఛను కొనసాగించి, అప్పటికే ఆపి ఉంటే అనుకూల నిర్ణయం వచ్చాక ఆపిన నెల నుంచి బకాయిలతో చెల్లించవలసిందిగా కోరుతున్నాను."

నాలుగో అంశం మర్చిపోకండి. బకాయి అడగకపోతే పునరుద్ధరించిన నెల నుంచే లెక్క మొదలవుతుంది, మధ్యలో పోయిన నెలల కోసం మళ్లీ తిరగాలి.

రెండు సెట్లు తీసుకెళ్లండి. ఒకటి తపాలు సెక్షన్‌లో ఇచ్చి రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. "ఇచ్చి వెళ్లండి, చూస్తాం" అంటే బయటికొచ్చి రిజిస్టర్డ్ పోస్టులో అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. ఒరిజినల్ ఒక్కటి కూడా ఇవ్వొద్దు. ఎక్స్‌రే ఫిల్ములు ఆఫీసు బీరువాలోకి పోతే తిరిగి రావు.

మళ్లీ పరీక్షకి వెళ్లే రోజు

మందులు మానేసి వెళ్లొద్దు. మూర్ఛ, మానసిక రుగ్మతల వాళ్లు "జబ్బు బాగా కనపడాలి" అని ఒక వారం ముందు నుంచి మాత్రలు ఆపేస్తారు, ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. కళ్లద్దాలు, చెవి మిషన్, క్యాలిపర్, చంకకర్రలు రోజూ వాడేవన్నీ తీసుకెళ్లాలి. మతిస్థిమితం లేకపోవడం, బుద్ధిమాంద్యం కేసుల్లో ఒకే ఇంట్లో ఉండి చూసుకునే మనిషి వెంట ఉండాలి, స్నానం చేయించేదెవరో అన్నం పెట్టేదెవరో వాళ్లే చెప్పగలరు.

డాక్టరు కాలు వంచమంటే ఎంత వంగితే అంతే వంచండి. వంగే కాలుని బిగపట్టుకుంటే వాళ్లకి వెంటనే తెలుస్తుంది, ఆ తర్వాత నిజమైన నొప్పిని కూడా నమ్మరు. మోసంతో ప్రయోజనం పొందితే అదే చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. అలాగని తగ్గించి చెప్పడమూ తప్పే. మన పెద్దవాళ్లు డాక్టరు ఎదురుగా "పర్లేదు బాబూ, నడుస్తాను" అంటారు. ఎంత దూరం, ఎన్నిసార్లు ఆగి, ఏం పట్టుకుని నడుస్తారో చెప్పించండి. "మరుగుదొడ్డికి గోడ పట్టుకుని వెళతాడు, కింద కూర్చుంటే ఒకరు లేపాలి" అన్నది డాక్టరు రాసుకోగలిగిన మాట.

కొత్త కార్డు వచ్చాక రంగు చూడండి. 2024 సవరణ తర్వాత యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు 40 లోపు తెలుపు, 40 నుంచి 79 దాకా పసుపు, 80 ఆపైన నీలం. తెల్ల కార్డు వైకల్యం ఉందన్న గుర్తింపే తప్ప పింఛను అర్హత కాదు. పసుపు కార్డు చేతికొచ్చినా పింఛను దానంతటదే రాదు, మంజూరుకు సచివాలయంలోనో ఎంపీడీవో ఆఫీసులోనో వేరే దరఖాస్తు పెట్టాలి.

శాతం ఉండీ పేరు పడిపోతే

ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ఆరు అంచెల పరిశీలన అంటారు. నెల ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాల లోపుండాలి. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. కారు ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కి మినహాయింపు ఉంది. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు మించకూడదు. పారిశుధ్య కార్మికులకు ఉద్యోగి నిబంధన వర్తించదు.

ఇక్కడ చాలా తిరస్కరణలు డేటా తప్పులే. అద్దె ఇంటి యజమాని మీటరు మీ ఆధార్‌కి లింకై ఉంటుంది. దానికి విద్యుత్ శాఖ ఏఈ దగ్గర లింకు తీయించి, 12 నెలల బిల్లులు జత చేయాలి. ఎప్పుడో అమ్మేసిన కారు ఇంకా మీ పేరునే ఉంటుంది. అమ్మిన కాగితం ఎంపీడీవోకి చూపిస్తే లాభం లేదు, రవాణా శాఖలో ఆర్సీ పేరు మారాల్సిందే. పెళ్లై వేరుపడ్డ కొడుకు ఉద్యోగం తల్లి పింఛనుకు అడ్డం పడుతుంది. అక్కడ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారన్న ప్రభుత్వ నమోదులో, కుటుంబాలు విడదీయించాలి. ముందు మూలంలో తప్పు దిద్దించి, దిద్దినట్టు రుజువుతో అప్పీలు పెట్టండి. క్రమం తిరగేస్తే సాఫ్ట్‌వేర్ మళ్లీ అదే జవాబు చెబుతుంది. ఇంట్లో ఇంకొకరికి వృద్ధాప్య పింఛను వస్తోందని వికలాంగుల పింఛను కాదంటే, ఒక ఇంటికి ఒకటే అన్న నిబంధన నుంచి దివ్యాంగులకున్న మినహాయింపు మీకు వర్తిస్తుందేమో అడగండి.

ఇంకోమాట. 80 శాతం ఉంటేనే పింఛను అని ఎవరైనా అంటే వాళ్లు కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ వికలాంగుల పింఛనుతో కలిపేస్తున్నారు. ఆ 80 నిబంధన దానిది, అది నెలకు 300. ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ భరోసాలో దివ్యాంగులకిచ్చే 6,000కి, తెలంగాణ ఆసరాలో ఇచ్చే 4,016కి ఆ 80 గీత లేదు.

అక్కడా కాదంటే

రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. హక్కుల ఉల్లంఘనని విచారించే అధికారం 2016 చట్టం 80వ సెక్షన్ వారికిచ్చింది, వకీలు అక్కర్లేదు. ముందస్తు నోటీసు లేకుండా, మీ మాట వినకుండా వస్తున్న పింఛను ఆపేస్తే మాత్రం హైకోర్టులో రిట్‌కి గట్టి కేసు. ఖర్చుకి జంకక్కర్లేదు. దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టమే చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లినా, 15100కి ఫోన్ చేసినా చాలు. ముద్ర పడ్డ అప్పీలు నకలు, నోటీసు, పింఛను చివరిసారి పడ్డ నెల వివరం పట్టుకెళ్లండి.

అప్పీలు గెలిచాక సర్టిఫికెట్ మీద తాత్కాలికం అని ఉందేమో చూడండి. ఉంటే గడువు ముగిసే నెలలోనే పింఛను ఆగిపోతుంది. దానికి మూడు నెలల ముందే కొత్త స్లాట్ బుక్ చేసుకోండి.